కాలకేయుల భాష

కావ్యమున రాక్షసుడు మాటాడవలసి వచ్చినపుడు మన పూర్వకవులకు చిక్కు కలుగలేదు. వాల్మీకి రావణుడు సంస్కృతముననే పలికెను. తెలుగు భారతమున హిడింబుడు తెలుగుననే గర్జించెను. శ్రోతకు అర్థమగుటయే ప్రధానము గాని, రాక్షసునకు రాక్షసభాష యొకటి యుండవలెనను శంక వారికి తోచలేదు. నాటకకర్తలు మాత్రము భాషను అంతస్తునకు గుర్తుగా వాడిరి. నాయకునకు సంస్కృతము, స్త్రీలకును సేవకులకును ప్రాకృతము విధించిరి. ఒక్క యింటిలోనే భర్త యొక భాషను, భార్య మఱియొక భాషను పలుకుచు, ఒకరినొకరు చక్కగా గ్రహించుచుందురు. భాషలకు హెచ్చుతగ్గులు కల్పించుట మన సాహిత్యమునకు క్రొత్త గాదని దీనివలన తెలియుచున్నది.

2015 జూలై 10వ తేదీన విడుదలయైన బాహుబలి చిత్రమున ఈ పాతపద్ధతికి క్రొత్తరూపము వచ్చినది. రాజమౌళిగారు కల్పించిన మాహిష్మతీ రాజ్యముపైకి కాలకేయులను అడవిజాతి దండెత్తి వచ్చును. మాహిష్మతివారి నోట మన భాషయే పలికించి, కాలకేయులకై ఎన్నడును లేని భాష నొకదానిని చేయించిరి. దాని పేరు కిలికి. చేసినవారు తమిళ కవి మదన్ కార్కిగారు. విజయవాడ సినిమాశాలలలో ఆ భాష వినబడినంతనే ప్రేక్షకులు మొదట నివ్వెరపోయి, పిదప కేకలువేసి చప్పట్లు కొట్టిరి. వారములోపలనే బందరు కాలువగట్టుపై ఆడుకొను పిల్లల నోళ్లలో ఆ పలుకులు వినవచ్చినవి.

ఈ భాష పుట్టుక గమనింపదగినది. కార్కిగారు ఆస్ట్రేలియాలో చదువుకొనుచున్న దినములలో పిల్లలతో వినోదార్థము ‘క్లిక్’ అను చిన్న భాషను అల్లిరి. భయంకరులైన శత్రువులకు భాష కావలసినపుడు ఆ పిల్లల యాటయే విత్తనమైనది. సుమారు 750 మాటలును, 40 వ్యాకరణసూత్రములును దానికి సమకూడెను. ‘మిన్’ అనగా నేను, ‘నిమ్’ అనగా నీవు. మాటను తిరుగవేసినచో ఎదుటి అర్థము వచ్చును. నేను తిరుగబడిన నీవగుట చమత్కారమే. లోకమునందు పుట్టి పెరిగిన భాషలు ఇట్టి యేర్పాటుపై నడువవు. మన తెలుగున ‘చేయును’ అను మాటకు వ్యతిరేకము కావలెనన్న ‘చేయడు’ అందుము గాని మాటను తలక్రిందులు చేయము. సహజభాష దారిలో కాలిబాట వంటిది. పదిమంది నడిచినచోట అది పడును. కల్పితభాష ఇంజనీరు గీచిన కాలువ వంటిది. తిన్ననిది, లెక్కకు వచ్చునది.

కిలికిలో నాలుకతో టక్కుమనిపించు ధ్వనులును కలవు. వీనిని వినినప్పుడే ప్రేక్షకులకు ‘వీరు మనవంటి మనుష్యులు కారు’ అను భావము కలుగును. అయితే అట్టి ధ్వనులు మనకును లేకపోలేదు. ఎద్దులను తోలునపుడు రైతు అంగిలిపై నాలుక కొట్టి చేయు చప్పుడును, ‘అయ్యో పాపము’ అనుటకు ముందు మన తల్లులు చేయు చప్పుడును ఆ జాతివే. దక్షిణాఫ్రికాలోని షోసా భాషలో అవి నిక్కమైన హల్లులు. మనకు పశువులను తోలు చప్పుడైనది వారికి తల్లిపేరు పిలుచు మాటలో అక్షరము కావచ్చును. అందుచేత మోటుదనము ధ్వనిలో లేదు, వినువాని చెవిలో నున్నది.

ఇక దీని వ్యాప్తి. చిత్రము తెలుగు తమిళములలో తయారై ఇతరభాషలలోనికి మార్పబడినను, కాలకేయుల పలుకు అన్నిటను ఒక్కటియే. దేశభాష లన్నియు మారుచుండగా లేని భాష మారకుండుట వింత. విజయవాడలో పుట్టిన గాయని స్మితగారు ఈ భాషలో పాట పాడిరి. 2020 ఫిబ్రవరి 21వ తేదీన, అనగా అంతర్జాతీయ మాతృభాషా దినమున, లిపితో కూడ ఈ భాషను నేర్పు అంతర్జాలపుటను ప్రారంభించిరి. విదేశములందును ఇట్టివి కలవు. 1887లో జామెన్‌హాఫ్ వైద్యుడు జాతులమధ్య స్నేహమునకై ఎస్పెరాంటో భాషను లోకమున కిచ్చెను. చలనచిత్రములలోని క్లింగాన్ వీరులకై మార్క్ ఓక్రాండ్ చేసిన భాషకు 1985లో నిఘంటువే వెలువడినది. 2009లో విడుదలయైన అవతార్ చిత్రమునకై పాల్ ఫ్రామర్ నావి భాషను చేసెను. కల్పితభాషలను నేర్చుట తప్పని మేమనము. మాటల వెనుక నొక నియమ మున్నదని వానివలన బాలురకు తెలిసిన, అది వ్యాకరణమునకు తొలిపాఠమే యగును.

మా సందేహము వేఱు. కల్పితలోకమున కిలికికి ఏ యంతస్తు నిచ్చిరి? అది శత్రువు భాష, నల్లని దేహములవారి భాష, జాలి యెఱుగనివారి భాష. ఆ పలుకు వినుటతోడనే కత్తి దూయవలెనని ప్రేక్షకునకు తోచును. ఈ భావము చిత్రకర్తలు క్రొత్తగా సృష్టించినది కాదు. కాలకేయులను పేరే మహాభారతమునుండి వచ్చినది. వారు సముద్రమున దాగి, రాత్రులందు వెడలి మునులను చంపుచుండగా, అగస్త్యుడు సముద్రమును త్రాగివేసి వారిని బయటపెట్టెను. ఆ యగస్త్యునే తమిళులు తమ భాషకు తొలి వ్యాకరణకర్తగా చెప్పుకొందురు. అసురులు ‘అరయః’ అనవలసినచోట రకారమును లకారముగా పలికి ఓడిపోయిరని పతంజలి మహాభాష్యారంభమున చెప్పి, మ్లేచ్ఛులము కాకుండుటకై వ్యాకరణము చదువవలెననెను. ఉచ్చారణలో తేడాకు ఓటమియే శిక్ష యన్నమాట.

శాతవాహనుల కాలమునకు చెందినదిగా మనము చెప్పుకొను కథ యొకటి ఈ సందర్భమున తలపునకు వచ్చుచున్నది. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమునందు సోమదేవుడు కథాసరిత్సాగరమున దీనిని చెప్పెను. రాజు జలక్రీడ లాడుచుండగా రాణి నీళ్లు చల్లవలదని సంస్కృతమున చెప్పెను. రాజు సంధి తెలియక మోదకములు, అనగా మిఠాయిలు, తెప్పించి నవ్వులపాలయ్యెను. ఆరేండ్లలో వ్యాకరణము నేర్పెదనని గుణాఢ్యుడు, ఆరునెలలలోనే నేర్పెదనని శర్వవర్మ పలికిరి. అది సాధ్యమైనచో సంస్కృత ప్రాకృత దేశభాషలను మూటిని విడిచెదనని గుణాఢ్యుడు పంతము పట్టి, కాతంత్రమను సులభవ్యాకరణముతో శర్వవర్మ గెలువగా, మాటదప్పక మౌనియై అడవికి పోయెను. అచ్చట పిశాచభాష నేర్చి, ఏడులక్షల గ్రంథము బృహత్కథ వ్రాసెను. పైశాచి భాష, నెత్తుటి వ్రాత యని రాజు దానిని తిరస్కరించెను. కవి ఒక్కొక్క పుటను మృగములకు చదివి వినిపించి అగ్నిలో వేసెను. రాజు పశ్చాత్తాపముతో పరుగెత్తి వచ్చునప్పటికి లక్ష మాత్రము మిగిలెను.

ఇది కథయే గాని చరిత్ర గాదందురేని, కానిండు. పైశాచి మాత్రము కల్ల గాదు. వరరుచి, హేమచంద్రాదులు దానికి సూత్రములు వ్రాసిరి. దాని ముఖ్యలక్షణము సరళములు పరుషములగుట. గగనము ‘గకన’ మగును, మేఘము ‘మేఖ’ మగును, రాజా యనునది ‘రాచా’ యగును. ణకారము నకారమగును. ఈ సూత్రములను చూచి, ద్రావిడభాషలు మాటాడువారు ప్రాకృతమును తమ నోటితో పలికినపుడు వినవచ్చిన రూపమే పైశాచి యని హోర్న్లీ మొదలగు కొందరు పండితు లూహించిరి. ఇతరులు దానిని వాయవ్యదేశమున వెదకిరి. వివాద మింకను తీరలేదు. కాని మొదటి యూహయే నిజమైన, పిశాచములని పేరుపడినవారు మన తాతలే యగుదురు! రాచనగరు, రాచబిడ్డ అని నేటికిని పలుకు మనము ఆ పేరు విని నవ్వుట కొంచెము ఆలోచింపదగినది.

ఇంతవఱకు గ్రంథములలోని మాట. ఇక కృష్ణాతీరపు మాట చెప్పెదము. విజయవాడకు ఆవలియొడ్డున సీతానగరమునందును, బాపట్లకు సమీపమున స్టూవర్టుపురమునందును ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున ఎరుకలవారి సెటిల్‌మెంట్లు వెలసినవి. వీరు బుట్టలల్లుచు, సోదె చెప్పుచు, పశువులపై ఉప్పును ధాన్యమును మోసి సంతలకు చేర్చుచు బ్రదికినవారు. రైళ్లును, ఉప్పుపై దొరతనమువారి కట్టుబాట్లును వారి వర్తకమును దెబ్బతీసినవి. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మదరాసు రాజధానికి వచ్చినది. పుట్టుకయే నేరమనిపించు ఆ చట్టము స్వతంత్రభారతమున 1952లో గాని దేశమంతటను తొలగలేదు. వీరి ఇండ్లలోని భాష తమిళమునకు దగ్గరి చుట్టము, వ్యాకరణము గల చక్కని ద్రావిడభాష. ఇరుగుపొరుగువారు మాత్రము దానిని దొంగబాస యనిరి. తమకు తెలియకపోవుట తమ లోపమని గాక, మాటాడువారి కపటమని యెంచిరి.

మేము ఉపాధ్యాయులము. చిత్రము వచ్చిన మఱుసటి యేట జరిగిన యొక చిన్న సంగతిని, మా తప్పు గనుక, ఇచట ఒప్పుకొనవలసియున్నది. మధ్యాహ్న భోజనవేళ ఎరుకలవారి బాలుడొకడు తన చెల్లెలితో ఇంటిమాటలో ఏమో పలికెను. చుట్టునున్న పిల్లలు ‘కాలకేయుడు, కాలకేయుడు’ అని కేకలు వేసిరి. వసారాలో నిలిచియున్న మేమును నవ్వితిమి. మఱునాడు ఆ చిన్నది యెప్పటివలె తన మాటలోనే అన్నను అడుగుచుండెను. అన్న మాత్రము తెలుగున జవాబు చెప్పుచుండెను. చెల్లెలు తెల్లబోయి వాని మొగము చూచుచుండెను. మా నవ్వు ఏమి చేసినదో అప్పుడు మాకు బోధపడినది. వానిని ఒంటరిగా పిలిచి అడుగగా, ‘అది ఇంట్లో మాటండి, మాస్టారూ. బళ్లో ఇంక మాటాడనులెండి’ అనెను. వాడు మమ్ము ఊరడించుచున్నాడు!

కిలికి పుట్టిన అయిదేండ్లలో లిపి, పాట, పాఠములు సంపాదించుకొన్నది. దానిని నేర్చిన బాలుని తెలివిగలవాడందురు. ఎన్నో తరములుగా అవ్వల నోట బ్రదికియున్న భాషను పలికిన బాలుని కాలకేయుడందురు. కల్పితమైన దానికి మన్నన, కన్నబిడ్డకు వెలివేత. ఇందులో చిత్రకర్తలను నిందించుట మా యుద్దేశము కాదు. వారు అల్లినది వినోదము. దానిని తెచ్చి జీవించియున్న మనుష్యుని నెత్తిన పెట్టినది మేము, మీరు, మన పిల్లలు.

నూఱేండ్లకు పూర్వమే పర్లాకిమిడిలో మావంటి బడిపంతులొకరు వేఱు దారి త్రొక్కిరి. గిడుగు రామమూర్తిపంతులుగారు (1863–1940) కొండలలోని సవరల భాషను సవరల వద్దనే నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. తెలుగున వాడుకభాషకై పోరాడినవారును ఆయనయే. ఈ రెండు పనులకును మూల మొక్కటి. పిల్లవాని నోటనున్న మాటను హేళన చేసి వానికి చదువు చెప్పజాలమని ఆయన గ్రహించిరి. గ్రాంథికమున వ్రాయుచు ఆయనను పొగడుచున్నారేమని చదువరులు నవ్వవచ్చును. నిజమే. ఏ తల్లియు ఉగ్గుపాలతో నేర్పని ఈ భాషకు మనమింత మర్యాద నిచ్చుచుండగా, తల్లి నేర్పిన భాషకు ఏల యీయరాదని మా ప్రశ్న.

ఆ సంగతి జరిగిన వారమునకు మేము ఆ బాలునిచే వాని భాషలోని అంకెలను, చుట్టరికపు మాటలను నల్లబల్లపై వ్రాయించితిమి. తెలుగులిపియే చాలెను. తమిళ మెఱిగిన మిత్రుడొకరు వచ్చి ఏ మాట దేనికి చుట్టమో పిల్లలకు చెప్పెను. తరగతి శ్రద్ధగా వినెను. ఇంతమాత్రమున ఒక జాతి బాధ తీరినదని మేము చెప్పము. వాడు తరువాత బడిలో ఎక్కువగా తెలుగే మాటాడెను. కాని కాలకేయుడను కేక మఱల మా చెవిని పడలేదు.

గృహిణులకును, గృహస్థులకును మా విన్నపము స్వల్పము. మీ పిల్లలు మిన్, నిమ్ అని ఆడుకొనిన ఆడుకొననిండు. పిమ్మట మీ వాకిటికి బుట్టలమ్మ వచ్చినపుడు, ‘అమ్మా, నేను, నీవు అనుటకు మీ యింట ఏమందురు?’ అని వారిచేత అడిగింపుడు. ఆమె సిగ్గుపడి చెప్పకపోవచ్చును. అట్లయిన మఱుసటిసారి వచ్చినపుడు మరల అడుగుడు.