అతిథికొక చిన్న రొట్టె

కొంపల్లి నాగపూరు బాటపై నున్న ఊరు. బాటప్రక్క యింటికి అతిథి చెప్పి రాడు. అట్టివేళ మేము డబ్బాలోని తూరచేపను నీరు వార్చి, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసము కలిపి, చిన్న బన్నుల నడుమ నుంచి యిత్తుము. పది నిమిషముల పని.

కాని దాని వెనుక రెండు శతాబ్దములకు మించిన చరిత్ర కలదు. రొట్టెల నడుమ మాంసముంచు తిండికి శాండ్విచ్ అను పేరు 1762లో ఆంగ్ల చరిత్రకారుడు గిబ్బన్ దినచర్యలో కనిపించును. ఆ తిండి నెరిగిన ఆంగ్లసైన్యము విడిసిన మన పొరుగు పట్టణము 1806లో సికింద్రాబాదను పేరు దాల్చినది. 1810లో ఫ్రాన్సున నికొలా అప్పేర్, ఆహారమును సీసాలలో మూసి మరిగించి నిలువచేయు విధానమును ప్రకటించెను. 1903లో కాలిఫోర్నియాలో సార్డీను చేపలు కరవుకాగా, కర్మాగారమువారు తూరను డబ్బాల కెక్కించిరి.

ఇట్లు మన వంటింటి శ్రమ తగ్గినది. తొలగినది మాత్రము కాదు. అది కడలిపై వలలు లాగువారికిని, కర్మాగారములలో చేపలు శుభ్రపరచు స్త్రీలకును చేరినది. అతిథి రుచి మెచ్చినపుడు ఆ మెప్పులో వారి పాలును గలదని మేము తలంతుము.