నల్ మోడెమ్ కేబుల్

మధ్యలో మోడెమ్ గానీ, నెట్‌వర్క్ కార్డు గానీ లేకుండా రెండు కంప్యూటర్లను సీరియల్ పోర్టుల ద్వారా నేరుగా కలిపే తీగను నల్ మోడెమ్ కేబుల్ అంటారు. చేత్తో టంకం వేసుకుని తయారుచేసుకోగలగడమే దీని గొప్పతనం.

దీని కథ ఆర్‌ఎస్-232 ప్రమాణంతో మొదలవుతుంది. 1960లో అమెరికాలో వెలువడిన ఈ ప్రమాణం టెర్మినల్‌ను మోడెమ్‌కు కలపడానికి పుట్టింది. 1969లో వచ్చిన ‘సి’ కూర్పు బాగా స్థిరపడింది. టెర్మినల్ ఏ పిన్నుపై పంపుతుందో, మోడెమ్ అదే పిన్నుపై అందుకుంటుంది. టెర్మినల్‌లాగే అమరిన కంప్యూటర్‌కు మరో కంప్యూటర్‌నే తగిలిస్తే రెండూ ఒకే పిన్నుపై మాట్లాడతాయి, వినేవాళ్లు ఉండరు. అందుకే తీగలను అడ్డంగా మార్చి కలపాలి.

1984 నాటి ఐబీఎం పీసీ ఏటీతో వ్యాపించిన 9 పిన్నుల పోర్టులో 2 అందుకునేది, 3 పంపేది, 5 గ్రౌండు. ఒక వైపు 2ను అవతలి 3కు, 3ను 2కు, 5ను 5కు కలిపితే చాలు, అక్షరాలు అటూ ఇటూ పోతాయి. పెద్ద ఫైళ్లకు 7, 8లను కూడా అలాగే మార్చి కలపడం మంచిది. అప్పుడు అందుకునే యంత్రం కాస్త ఆగమని చెప్పగలుగుతుంది. పాత 25 పిన్నుల పోర్టులో 2 పంపేది, 3 అందుకునేది, 7 గ్రౌండు. కాబట్టి 9 నుంచి 25కు వేసే కేబుల్‌లో 2ను 2కే, 3ను 3కే కలపాలి. అలవాటు కొద్దీ ఇక్కడ కూడా మార్చి కలిపితే రెండు తెరలూ మూగబోతాయి.

కనెక్టర్లు, షెల్లులు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో విడిగా దొరుకుతాయి. పోర్టు బాగుందో లేదో తేల్చుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది: 2, 3 పిన్నులను చిన్న తీగముక్కతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రాంలో ఏదో ఒకటి టైపు చేయాలి. కొట్టిన అక్షరం తిరిగి తెరపైకి వస్తే పోర్టు పనిచేస్తున్నట్టే.

మన ఇళ్లలో ఎర్తింగ్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఎర్త్ లేని సాకెట్‌కు పెట్టిన కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఆ కరెంటు కేబుల్ గుండా అవతలి యంత్రంలోకి పోతే పోర్టు కాలిపోవచ్చు. రెండింటినీ ఆపి, ప్లగ్గులు పీకాకే కేబుల్ తగిలించాలి.

కేబుల్ ఒక్కటే చాలదు, రెండు వైపులా సాఫ్ట్‌వేర్ కావాలి. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన కెర్మిట్, తరవాత వచ్చిన ల్యాప్‌లింక్ ఈ పనిచేశాయి. 1993లో ఎంఎస్-డాస్ 6లో ఇంటర్‌లింక్, ఆ తరవాత విండోస్ 95లో డైరెక్ట్ కేబుల్ కనెక్షన్ చేరాయి. అదే 1993లో వచ్చిన డూమ్ ఆటను ఈ తీగతో ఇద్దరు కలిసి ఆడేవారు. పీసీ పోర్టు గరిష్ఠ వేగం సెకనుకు 1,15,200 బిట్లు. ఆ లెక్కన 1.44 ఎంబీ ఫ్లాపీలోని సరుకంతా పంపడానికి రెండు నిమిషాలకు పైనే పడుతుంది. హార్డ్ డిస్కు మొత్తాన్ని పంపాలంటే రాత్రంతా వదిలేయాల్సిందే. అయినా ఆ రోజుల్లో ఫ్లాపీలో పట్టని ఫైలును ముక్కలు చేయకుండా దాటించే ఒక దారి ఇది.

చవకైన ఈథర్‌నెట్ కార్డులు, ఆపై యూఎస్‌బీ రావడంతో ఇళ్లలో దీని వాడకం తగ్గింది. ల్యాప్‌టాప్‌ల నుంచి ఆ పోర్టే పోయింది. కానీ రౌటర్ల కన్సోల్‌లో, సీఎన్‌సీ యంత్రాల్లో, లారీల కాటాల దగ్గర బరువు అంకెలను కంప్యూటర్‌కు పంపే డిస్‌ప్లే డబ్బాల్లో సీరియల్ తీగలు నేటికీ పనిచేస్తున్నాయి. పోర్టు లేని కొత్త కంప్యూటర్లకు యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ తగిలిస్తున్నారు.