ఎనిమిది పౌన్ల తేడా

చేపలు పట్టడం పొట్టకూటి పని. విశాఖ తీరానో, కాకినాడ తీరానో తెల్లవారుజామున తెప్పను అలల్లోకి నెట్టుకుంటూ పోయే జాలరికి అది సెలవూ కాదు, సరదా అంతకన్నా కాదు. అతను తిరిగి వచ్చేసరికి ఒడ్డున ఇల్లాలు గంప పట్టుకుని సిద్ధంగా వుంటుంది. పట్టేది అతనైతే అమ్మేది ఆవిడ. అలాంటి పనిని ఎదురు డబ్బిచ్చి మరీ చేసేవాళ్లున్నారనీ, పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకుని సెలవుల వినోదంగా చేస్తారనీ చెబితే ఆ దంపతులు నవ్విపోతారు. కాని చేస్తారు. నడిసముద్రంలో చిన్న పడవ మీద కూర్చుని, పెద్ద చేపతో గంటల తరబడి పెనుగులాడి, ఫోటో తీయించుకుని ఇంటికి పోవడమనే ఈ సరదాకి ఊరూ పేరూ వున్నాయి. పుట్టిన సంవత్సరం కూడా వుంది.

ఊరు అవలాన్. అమెరికాలో లాస్ ఏంజిలిస్ తీరానికి ఎదురుగా, సముద్రంలో సుమారు 22 మైళ్ల దూరాన వున్న కేటలీనా దీవిలో చిన్న రేవు అది. సంవత్సరం 1898.

అప్పటికే అవలాన్ వేసవి విడిది. ఎండాకాలం వస్తే చాలు, కుటుంబాలకు కుటుంబాలు స్టీమరెక్కి వచ్చి, గుడ్డ డేరాల్లో మకాం పెట్టేవి. డేరాలు వరసలు తీరి వీధులయ్యేవి. పడవ అడుగున అద్దం బిగించి, సముద్రగర్భంలోని నాచు తోటల్నీ, వాటి మధ్య తిరిగే చేపల్నీ పిల్లలకు చూపించేవారు. చేపలూ పట్టేవారనుకోండి. అయితే అది ఆట కాదు, దోపిడీ. చేతిలో మోకులాంటి తాడు పట్టుకుని, గాలం వేసి లాగడం, ఒడ్డున కుప్ప పోయడం, తినగలిగినంత తిని మిగతాది పారేయడం!

ఛార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఇది చూసి బాధపడ్డాడు. తూర్పు తీరం నుంచి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడిన మనిషి, పుస్తకాలు రాసేవాడు. ఇంత పెద్ద చేపని ఇంత లావు తాడుతో లాగితే అందులో ఘనత ఏముంది, చేపకి కూడా ఓ అవకాశం ఇవ్వాలిగా, అన్నది ఆయన వాదం. సన్నటి దారం, వంగే కర్ర, దారం చుట్టుకునే రీలు చాలునన్నాడు. అనడమే కాదు, 1898 జూన్ నెలలో పడవవాణ్ణి వెంటబెట్టుకుని చిన్న పడవలో వెళ్లి ఒక ట్యూనాని పట్టుకొచ్చాడు. మన తీరంలో సూర చేప అంటారే, ఆ జాతిలో భీముడన్నమాట. దాని బరువు 183 పౌన్లు, అంటే 83 కిలోలు. దాంతో మూడుముప్పావు గంటల సేపు పోరాటం. ఆ చేప పడవనీ, పడవలోని ఇద్దర్నీ మైళ్ల దూరం ఈడ్చుకుపోయింది. ఎవరు ఎవర్ని పట్టుకున్నట్టు?

ఆ ఉత్సాహంలోనే హోల్డరు, స్నేహితులు కలిసి ట్యూనా క్లబ్బు పెట్టారు. నియమాలు కఠినం. దారం 24 అవిసెనార పోగులకు మించి వుండకూడదు. కర్ర పట్టిన మనిషి తనంతట తానే చేపని పడవ దాకా తెచ్చుకోవాలి. మధ్యలో ఇంకెవరూ ఆ కర్రా, దారమూ ముట్టుకోకూడదు. సాయం పట్టారో, ఆ చేప లెక్కలోకి రాదు. ఈ ఆఖరి నియమాన్ని కాస్త జ్ఞాపకం పెట్టుకోండి, తర్వాత దీనితో పనుంది.

వినడానికి సుకుమారంగా వున్నా ఆ రోజుల్లో ఈ ఆట సుకుమారులది కాదు. అప్పటి రీళ్లకి పిడి నేరుగా దారం చుట్టుకునే చక్రానికే బిగించి వుండేది. చేప ఒక్క ఊపున పరుగెత్తిందా, పిడి వెనక్కి గిరగిరా తిరిగి వేళ్ల కణుపులు చితగ్గొట్టేది. పరుగు ఆపడానికి వున్న సాధనమల్లా చక్రం మీద బొటనవేలితో అదిమే తోలుముక్క. తర్వాత కొన్నేళ్లకు చక్రం తిరిగినా పిడి తిరగని కొత్తరకం రీలు వచ్చింది. విలియం బోషెన్ అనే ఆయన దాన్ని వాడి, 1913లో కేటలీనా దగ్గరే మొట్టమొదటిసారిగా కర్రా రీలుతో స్వోర్డ్ ఫిష్‌ని పట్టాడు. కత్తిలాంటి ముక్కుతో పడవ చెక్కల్ని పొడిచెయ్యగల చేప అది. మన జాలర్లు కొమ్ముకోనెం అనే చేపకి దూరపు చుట్టం అనుకోవచ్చు.

బోషెన్ పేరు రికార్డుల్లో వుంది గాని, ఆయన పడవ నడిపింది జార్జి ఫార్న్స్‌వర్త్. ఈ ఫార్న్స్‌వర్త్ బుర్ర గొప్పది. పడవ చప్పుడుకి ట్యూనాలు బెదిరిపోతున్నాయని గ్రహించి, గాలిపటం ఎగరేసి, దాని దారానికి ఎరని వేలాడదీశాడు. ఎర ఏమిటంటే ఎగిరే చేప. పడవకి అల్లంత దూరాన, నీళ్ల మీద నిజంగానే ఎగురుతున్నట్టు అది తుళ్లుతూ పోయేది. సంక్రాంతికి మేడలెక్కి గాలిపటాలు ఎగరేసే మన పిల్లలకి చెబితే సంబరపడతారు. వేలాడదీసిన చేప పక్కన కర్ర పట్టుకుని దొరగారు నిలబడ్డ ఫోటోలు ఆ కాలపువి ఎన్నో వున్నాయి. బరువు కూడా పెద్ద అక్షరాలతో రాసి వుంటుంది. పడవవాడు ఆ ఫోటోలో వుంటే ఓ మూల వుంటాడు, లేకపోతే లేదు.

సెలవనేది ఎప్పుడూ ఇలాగే వుంటుంది కాబోలు. ఒకరు సెలవు తీసుకోవాలంటే ఇంకొకరు పని చెయ్యాలి. మనం భీమిలి వెళ్లి ఇసకలో కూర్చున్నా ముందురోజు రాత్రి పులిహోర కలిపిందెవరో వేరే చెప్పాలా?

ఇక జేన్ గ్రే సంగతికి వద్దాం. ఆ పేరు మన పాత తరం ఇంగ్లీషు నవలల పాఠకులకు కొత్త కాదు. గుర్రాలు, తుపాకులు, ఎడారులు, వాటి మధ్య ఓ ప్రేమకథ. 1912లో వచ్చిన ‘రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్’తో ఆయన పేరు మారుమోగిపోయింది. అంతకుముందు ఆయన న్యూయార్కులో పళ్ల డాక్టరు. 1900లో డెలావేర్ నది మీద పడవ షికారుకి వెళ్లినప్పుడు పదిహేడేళ్ల లీనా రోత్ అనే అమ్మాయి పరిచయమయింది. ఆయన డాలీ అని పిలిచేవాడు. 1905లో పెళ్లయింది. పళ్లు పీకడం మానేసి రాతలే రాసుకోమని ప్రోత్సహించింది ఆవిడే. పుట్టింటి నుంచి తనకొచ్చిన ఆస్తిని ఆ తొలిరోజుల కష్టాల్లో వాడిందీ ఆవిడే. కాలేజీ చదువు చదివిన మనిషి కనుక ఆయన రాసిన కాగితాల్లో తప్పులు దిద్దేది, శుభ్రంగా ఎత్తి రాసేది. ప్రచురణకర్తలతో బేరాలు మాట్లాడేది. రోమర్, బెట్టీ, లోరెన్ అని ముగ్గురు పిల్లలు. రాబడిలో చెరిసగం అని ఇద్దరికీ ఒప్పందం. ఆ కాలానికి ఇది ఎంత మాటో ఆలోచించండి! మన దగ్గర సంపాదించే ఇల్లాళ్లలో ఎంతమందికి తమ జీతం లెక్క తమ చేతిలో వుంది?

కుటుంబం 1918లో కాలిఫోర్నియా చేరింది. అవలాన్ ఇక ఆయనగారికి రెండో ఇల్లు, ట్యూనా క్లబ్బు మూడో ఇల్లు. పడవవాళ్లతో కలిసి రోజుల తరబడి సముద్రం మీదే. స్వోర్డ్ ఫిష్ కనబడాలంటే ఓపిక వుండాలి. ఎండలో కళ్లు చిట్లించుకుని, నీళ్ల మీద కొడవళ్లలాంటి రెక్కలు తేలతాయేమోనని చూస్తూ వుండాలి. కనబడినా ఎర ముట్టదు. ముట్టినా నిలవదు. అంత పట్టుదలకీ ఫలితంగా 1920లో 418 పౌన్ల చేప దొరికింది. ఆయన ఆనందానికి హద్దు లేదు. చేతిలో కలం వుండనే వుంది, ఇక చెప్పాలా? ఇది బలశాలుల ఆట అని ఆయన ధీమా.

మరుసటి ఏడాది ఒక ఇల్లాలు 426 పౌన్ల చేపని పట్టుకొచ్చింది.

ఆవిడ పేరు రికార్డుల్లో మిసెస్ కీత్ స్పాల్డింగ్. అంటే కీత్ స్పాల్డింగ్ గారి భార్య, అంతే! కన్నవాళ్లు పెట్టిన పేరు యుడోరా. అంత పెద్ద చేపని లాగినా సొంత పేరుని మాత్రం పైకి లాగలేకపోయింది పాపం. మనిషి బక్కపల్చని మనిషట. ఆవిడ చేపకీ, నవలాకారుడి చేపకీ తేడా 8 పౌన్లు, అంటే మూడున్నర కిలోల పైచిలుకు. బొద్దుగా పుట్టిన పసిబిడ్డ బరువు. ఆ కాస్త బరువూ జేన్ గ్రే మోయలేకపోయాడు. అంత చిన్న మనిషి అంత పెద్ద చేపని ఒక్కతే ఎలా లాగుతుంది, ఎవరో సాయం పట్టి వుంటారు అన్నాడు. ఇందాక జ్ఞాపకం పెట్టుకోమన్న నియమం వుందే, నింద సరిగ్గా దాని మీదికే వచ్చింది. ఈ ఆటలో అంతకు మించిన మాట లేదు. క్లబ్బు పెద్దలు ఊరుకోలేదు. క్షమాపణ చెప్పమన్నారు. ఆయన క్లబ్బు నుంచి తప్పుకున్నాడు. ఓ ఆడమనిషి మాట నిలబెట్టడానికి, తమలో అందరికన్నా పేరున్న వాణ్ణి ఆ మగవాళ్లు వదులుకున్నారంటే నాకైతే ముచ్చటేసింది.

ఈ ఆటలో ఆడవాళ్లకి చోటెక్కడిది అనేవాళ్లకి ఇంకో ముక్క చెప్పాలి. గాలంతో చేపలు పట్టే విద్య మీద ఇంగ్లీషులో అచ్చయిన మొట్టమొదటి రచన 1496 నాటిది. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని దాన్ని రాసిందని కొన్ని వందల ఏళ్లపాటు నమ్మారు. ఆధారాలు చాలవని ఇప్పటి పండితులంటున్నారు. సరే, వాళ్ల మాటే నిజమనుకుందాం. కాని అన్ని తరాల మగవాళ్లు తమ గురువు ఒక స్త్రీ అని చెప్పుకుని కూడా సిగ్గుపడలేదుగా!

జేన్ గ్రే ఆ 8 పౌన్లనీ మరిచిపోయినట్టు లేదు. 1926లో అదే కేటలీనా నీళ్లలో 582 పౌన్ల స్వోర్డ్ ఫిష్‌ని పట్టేదాకా నిద్రపోలేదు. ఈలోగా 1924లో మూడు తెరచాపల కొయ్యలున్న పెద్ద ఓడే కొన్నాడు. చిన్న పడవల్ని దాని మీదికెక్కించుకుని, పెద్దకొడుకు రోమర్‌ని వెంటబెట్టుకుని, గలాపగోస్ దీవుల దాకా వెళ్లొచ్చాడు. తర్వాత న్యూజిలాండు, తాహితి. 1930లో తాహితిలో వెయ్యి పౌన్లు దాటిన మార్లిన్‌ని పట్టాడు. పైకి తెచ్చేలోపల సొరచేపలు కొంత కండ కొరుక్కుపోగా మిగిలిందే 1,040 పౌన్లు. ఈ యాత్రలు నెలల తరబడి సాగేవి. వెంట స్నేహితులు, పడవవాళ్లు, కార్యదర్శులనబడే అమ్మాయిలు. ఆ అమ్మాయిల సంగతి డాలీకి తెలుసు. తెలిసీ ఎలా భరించిందని అడిగితే ఆ కాలపు ఆడవాళ్లంతా ఒకే జవాబు చెప్పరు. ఈ కాలపువాళ్లు మాత్రం చెబుతారా?

ఇంటి దగ్గర డాలీకి పిల్లల చదువులు, పత్రికలతో ఉత్తర ప్రత్యుత్తరాలు, సినిమా హక్కుల లెక్కలు. సముద్రం మీంచి కొత్త నవల కాగితాలు వచ్చేవి, వాటితోపాటు డబ్బు కావాలన్న కబురూ వచ్చేది. దేశాన్ని ఆర్థిక మాంద్యం చుట్టేసిన ఆ రోజుల్లో కూడా ఆయన ఓడల ఖర్చు తగ్గించుకోలేదు. అప్పులవాళ్లకి సర్దిచెప్పడం ఆవిడ వంతు. 24 పోగుల దారం 183 పౌన్ల చేపకి తెగకుండా నిలిచిందని మురిసిపోయారు గాని, ఇంటి దగ్గర పట్టిన ఈ దారం ఎన్ని పోగులదో ఎవరూ లెక్కపెట్టలేదు.

జేన్ గ్రే 1939 అక్టోబరులో పోయాడు. రాసి అచ్చుకివ్వకుండా వుంచిన నవలలు బోలెడు. అవి ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వస్తూనే వున్నాయి. పాఠకులు ఆయన బతికే వున్నట్టు చదువుకున్నారు. డాలీ 1957లో కన్నుమూసింది. భార్యాభర్తలు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల్లో కొన్నింటిని ఏర్చికూర్చి 2008లో పుస్తకంగా వేశారు. ప్రేమ, దెప్పిపొడుపులు, పిల్లల జ్వరాలు, డబ్బు లెక్కలు అన్నీ అందులో వున్నాయి. ఆ పుస్తకం అట్ట మీద డాలీ పేరు ముందు, జేన్ పేరు తర్వాత.