అతిధ్వనితో ఎముకకోత: పుట్టుక యెప్పటిది?

దవడయెముకను అతిధ్వని సాధనముతో కోయు విద్య గత శతాబ్ది చివర ఇటలీలో, జెనోవా వైద్యుడు తొమాసో వెర్చెల్లొట్టి చేతిలో పుట్టినదని దంతవైద్యులు సాధారణముగా చెప్పుకొనుచుందురు. ఆయన ప్రతిభను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. కాని ఆ మాట విద్య పెరిగిన కాలమును చెప్పును గాని పుట్టిన కాలమును చెప్పదు.

ఈ సాధనమునకు మూలముగా, స్ఫటికమును నొక్కిన విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టుటయు, 1950ల తొలినాళ్లలో అతిధ్వనితో పంటిని తొలువజూచుటయు, 1957లో వచ్చిన గాలి టర్బైను ఆ ప్రయత్నమును మూలకు నెట్టగా పంటిగార తీయు పనిముట్టుగా మాత్రమే అతిధ్వని మిగులుటయు అందరెఱిగినవే.

నా వివాదమంతయు ఆ పిమ్మటి రెండు దశాబ్దములను గూర్చియే. ఆ కాలమును శూన్యముగా విడిచిపెట్టుట న్యాయము కాదు. 1957లోనే రిచ్‌మన్ దంతమూలములను ఖండించుటకు అతిధ్వనిని వాడెను. 1961లో మెక్‌ఫాల్ బృందము ఎముకపై గిరగిర తిరుగు మొనయైన బర్ కోతను అతిధ్వని కోతతో పోల్చి చూచెను. మాస్కోలో నికొలాయెవ్, లోషిలోవ్‌లు ఎముకను కోయుటకే గాక అతుకుటకును దానిని నియోగించిరి. 1975లో హార్టన్ బృందము జంతువుల దవడలలో ఉలితోను, బర్‌తోను, అతిధ్వనితోను గుంతలు చేసి మానుదలను పరిశీలింపగా, ఉలిగాయము మేలుగాను, అతిధ్వనిగాయము దాని తరువాతను, బర్ గాయము కడపటను నిలిచినవి.

ఇంత సాక్ష్యముండియు విద్య యేల వ్యాపింపలేదు? నాటి యంత్రములు బలహీనములనియు, కోత మందమనియు చెప్పుదురు. అది నిజమే. కాని అంతకంటె బలమైన కారణము అవసరము లేకపోవుటయని నా నమ్మకము. జ్ఞానదంతము తీయుటకు ఉలియు, బర్‌యు చాలుచుండగా కొత్త పనిముట్టును కోరువారెవ్వరు? 1980లో బోయిన్, జేమ్స్‌లు పైదవడలోని గాలిగది యైన సైనస్ అడుగున ఎముక నింపు పద్ధతిని ప్రకటించిన తరువాత, 1982 టొరంటో సమావేశముతో దవడయెముకలో నాటు బ్రానెమార్క్ ఇంప్లాంటులు లోకమునకెక్కిన తరువాత, ఉల్లిపొరవంటి సైనస్ పొరను చినుగనీయక దాని మీది ఎముకను మాత్రమే తెఱవవలసిన పని నిత్యకృత్యమైనది. గట్టి ఎముకను కోసి మెత్తని పొరను చాలవరకు విడుచు అతిధ్వని మొన అందుకు తగినది. అవసరమొక్కటే చాలునని నేననను. సెకనుకు సుమారు 25,000 నుండి 30,000 మారులు, 60 నుండి 200 మైక్రానుల మేర ఊగు మొనకు తగిన శక్తిని సమకూర్చిన ఇటలీ యంత్రము లేనిదే అది నెఱవేరెడిది కాదు. 2001లో వెర్చెల్లొట్టి బృందము ప్రకటించిన 21 సైనస్ శస్త్రచికిత్సలలో పొర చినిగినది ఒక్కచోటనే.

నేటి స్థితి నాకు పూర్తిగా తృప్తి నీయదు. ఈ మొన మెత్తని కణజాలమును బాధింపదను మాట హద్దు మీఱినది. 2008లో ఎలుకల తొడనరముపై మొనను నేరుగా ఆనించి చూడగా నరము తెగలేదు గాని కొంత దెబ్బతినినది. చేతి ఒత్తిడి పెరిగినకొలది హానియు హెచ్చినది. బర్‌ను నొక్కిన త్వరగా తెగును. దీనిని నొక్కిన కంపనము అణగి, ఆ శక్తి వేడిగా మారును. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషము తగిలినను ఎముకకు ముప్పని 1983లోనే తేలియున్నది. కావున సెలైను ధార ఎడతెగక పడుచుండగా, కలముతో గీత గీయునంత తేలికగా మొనను ముందువెనుకలకు జరుపవలెను. ఏండ్ల తరబడి బర్‌కు అలవడిన చేతికి ఇది సుళువు కాదు. జ్ఞానదంతము తీయునప్పుడు దీనివలన వాపు కొంత తగ్గుమాట నిజమే. పట్టు సమయము మాత్రము ఎక్కువ. నరము చేరువనున్నచోట ఆ ఆలస్యము సార్థకము. నరమునకు దూరముగా, సులువుగా వచ్చు పంటికి సైతము దీనినే వాడి, రోగిచేత అధికరుసుము చెల్లింపజేయుటను నేను సమర్థింపజాలను.