పదవ తరగతి పరీక్షల్లో దివ్యాంగ విద్యార్థులకు మినహాయింపులు, సదుపాయాలు

చట్టం ఏమి చెబుతున్నది - తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో గమనించవలసిన అంశాలు

తిరుపతి: పదవ తరగతి ధ్రువపత్రం ఉన్నత చదువులకు అర్హతగానే కాక పుట్టిన తేదీకి ఆధారంగా కూడా జీవితాంతం ఉపయోగపడుతుంది. దివ్యాంగ విద్యార్థుల చదువు ఈ మెట్టు వద్దనే ఆగిపోకుండా చట్టం కొన్ని మినహాయింపులు, సదుపాయాలు కల్పించింది. అయితే ఇవి పరీక్ష రోజున అడిగినంత మాత్రాన లభించేవి కావు. పాఠశాల నుంచి నామినల్ రోల్స్ పంపే దశలోనే నమోదు కావలసినవి. ఏ సదుపాయం కోరాలన్నది కూడా విద్యార్థి భవిష్యత్తును దృష్టిలో ఉంచుకొని తీసుకోవలసిన నిర్ణయం. పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం వివరాలు ఇలా ఉన్నాయి.

పరీక్ష మొత్తానికి మినహాయింపు లేదు

వైకల్యం కారణంగా పదవ తరగతి పరీక్షే రాయకుండా ఉత్తీర్ణత పొందే విధానం చట్టంలో లేదు. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ కారణంగా రాష్ట్రంలో పరీక్షలు రద్దు చేసి విద్యార్థులను ఉత్తీర్ణులుగా ప్రకటించడం అందరికీ వర్తించిన ప్రత్యేక ఏర్పాటు మాత్రమే.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇందుకు భిన్నమైన మార్గంలో నడిచింది. అక్కడ 2006లో హైస్కూలు పూర్తి చేసిన విద్యార్థులతో మొదలుపెట్టి నిష్క్రమణ పరీక్షను తప్పనిసరి చేశారు. 2009-10 నుంచి దివ్యాంగ విద్యార్థులకు ఆ షరతు నుంచి మినహాయింపు ఇచ్చారు. 2015లో ఆ షరతును విద్యార్థులందరికీ నిలిపివేశారు. మన దేశ చట్టం పరీక్షను తొలగించలేదు. పరీక్షా విధానాన్నే విద్యార్థి అవసరానికి తగినట్లు మార్చాలని నిర్దేశించింది.

చట్టాల క్రమం

1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చిన 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. అంధ విద్యార్థులకు, దృష్టి లోపం గల విద్యార్థులకు కేవలం గణితపరమైన ప్రశ్నలను తొలగించేలా పరీక్షా విధానాన్ని సవరించాలని, బధిర విద్యార్థులు ఒకే భాష చదివేలా పాఠ్యప్రణాళికను రూపొందించాలని 30వ సెక్షన్ పేర్కొన్నది. దృష్టి లోపం గల విద్యార్థులకు విద్యాసంస్థలు లేఖరిని సమకూర్చాలని 31వ సెక్షన్ నిర్దేశించింది.

దీని స్థానంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. గుర్తించిన వైకల్యాల సంఖ్య 21కి పెరిగింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వంటివి జాబితాలో చేరాయి. చదవడంలో, రాయడంలో, లెక్కలు చేయడంలో కలిగే ఈ ఇబ్బందులు కంటికి కనిపించవు గనుక, ఉపాధ్యాయులు గుర్తించనిదే నమోదు కావు. ఈ చట్టంలోని 17వ సెక్షన్ ప్రభుత్వంపై ఉంచిన బాధ్యతల్లో అదనపు సమయం, లేఖరి సహాయం, ద్వితీయ, తృతీయ భాషల నుంచి మినహాయింపు ఉన్నాయి.

భాషా మినహాయింపు: ఆలోచించి కోరవలసినది

రాష్ట్రంలో సాధారణంగా ప్రథమ భాష తెలుగు, ద్వితీయ భాష హిందీ, తృతీయ భాష ఇంగ్లీషు. అందువల్ల ఇక్కడ తృతీయ భాష నుంచి మినహాయింపు అంటే ఇంగ్లీషు పరీక్ష నుంచి మినహాయింపు అన్నమాట. నగరి, సత్యవేడు, కుప్పం వంటి సరిహద్దు ప్రాంతాల్లో తమిళం ప్రథమ భాషగా చదివే విద్యార్థికి తెలుగే ద్వితీయ భాష అవుతుంది. చట్టంలోని ఒకే మాట ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క భాషను దూరం చేయగలదు.

పుట్టుకతో వినికిడి లేని విద్యార్థికి సంజ్ఞా భాషే సహజమైన భాష. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యంలోని శ్రీ వేంకటేశ్వర బధిర పాఠశాల వంటి సంస్థల్లో చదివే పిల్లలకు వినని మూడు భాషల్లో మూడు పరీక్షలు అదనపు భారమే. వారికి భాషా మినహాయింపు న్యాయమైన ఊరట. అయితే చేతి వైకల్యం వల్ల వేగంగా రాయలేని విద్యార్థి సమస్య భాష కాదు, రాత. అటువంటి విద్యార్థికి లేఖరి, అదనపు సమయం సమకూర్చితే ఇంగ్లీషు వదులుకోనవసరం లేదు. కాగా, భాషా మినహాయింపు పొందిన విద్యార్థి తరువాత చేరదలచిన కోర్సుకు ఆ భాషలో ఉత్తీర్ణత అవసరమా అన్నది ప్రధానోపాధ్యాయులు ముందుగానే తల్లిదండ్రులకు తెలియజేయడం అవసరం.

లేఖరి, అదనపు సమయం

రాత పరీక్షల విషయంలో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ 2013, 2018, 2022 సంవత్సరాల్లో మార్గదర్శకాలు జారీ చేసింది. 2018 ఆగస్టు 29 నాటి మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయాన్ని నిర్దేశించాయి. అంటే మూడు గంటల పరీక్షకు కనీసం ఒక గంట. భాషా పరీక్షలకు అవసరమైతే వేరొక లేఖరిని అనుమతించాలని, బధిరులకు వ్యాసరూప ప్రశ్నలకు బదులు లక్ష్యాత్మక ప్రశ్నలు, చూపు లేనివారికి పటాలు, చిత్రాలతో కూడిన ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్నలు ఇవ్వాలని కూడా పేర్కొన్నాయి. నిబంధనల్లో సవరణలు జరుగుతుంటాయి గనుక ఆయా సంవత్సరానికి ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయం ఇచ్చే ఉత్తర్వులనే ప్రమాణంగా తీసుకోవలసి ఉంటుంది.

న్యాయస్థానం తీర్పులు

లేఖరి సదుపాయాన్ని 40 శాతం వైకల్యం గలవారికే పరిమితం చేయరాదని 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. రాయడంలో ఇబ్బంది గల విద్యార్థినికి నీట్ పరీక్షలో అదనపు గంట నిరాకరించిన అవ్ని ప్రకాష్ కేసులో అదే ఏడాది నవంబరు 23న తీర్పు వెలువడింది. జరిగింది అన్యాయమేనని న్యాయస్థానం గుర్తించినా తిరిగి పరీక్ష నిర్వహించమని ఆదేశించలేదు. ఇతర పరిహార చర్యలు పరిశీలించమని పరీక్షా సంస్థకు సూచించింది. పరీక్ష గదిలో కోల్పోయిన గంట తీర్పుతో తిరిగి రాదని, ఏర్పాట్లు ముందే జరగాలని ఈ కేసు గుర్తు చేస్తున్నది.

ఎవరి బాధ్యత ఏమిటి

2022 ఏప్రిల్ 4న పూర్వపు చిత్తూరు జిల్లా పునర్విభజన జరిగి తిరుపతి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. పాఠశాల ఏ జిల్లా పరిధిలో ఉన్నదో ఆ జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయమే ఈ దరఖాస్తులకు కూడా ఆధారం.

- ప్రధానోపాధ్యాయులు: తొమ్మిదవ తరగతిలోనే అర్హులను గుర్తించడం, నామినల్ రోల్స్‌లో వైకల్యం వివరం తప్పులేకుండా నమోదు చేయడం.
- భవిత కేంద్రాల ఉపాధ్యాయులు: అభ్యసన వైకల్యం అనుమానమున్న పిల్లలను వైద్య పరీక్షకు పంపడం.
- తల్లిదండ్రులు: సదరం ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు ముందుగా పొందడం.
- చీఫ్ సూపరింటెండెంట్లు: కింది అంతస్తులో గది, లేఖరికి అనుమతి, అదనపు సమయం ముగిసేవరకు ఇన్విజిలేటర్ ఉండేలా చూడడం.

ప్రత్యేకించి నిర్ధారిత వైకల్యం గలవారికి ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసపూరితంగా పొందినవారికి చట్టంలోని 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే దుర్వినియోగం జరుగుతుందన్న అనుమానం అర్హులకు సదుపాయం నిరాకరించడానికి కారణం కారాదు. నిరాకరణకు గురైనవారు జిల్లా విద్యాశాఖాధికారిని, అక్కడ పరిష్కారం లభించనప్పుడు దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌ను ఆశ్రయించవచ్చు.

పాత్రికేయులు తమ వార్తల్లో "పరీక్ష నుంచి మినహాయింపు", "భాష నుంచి మినహాయింపు", "పరీక్షలో సదుపాయం" అనే మూడింటిని వేర్వేరుగా పేర్కొనడం, విద్యార్థుల పేర్లు, వైకల్యం వివరాలు ప్రచురించకుండా ఉండడం వాంఛనీయం.