లేసు దారిలో ఘాట్ రోడ్డు

రాత్రి ఏడున్నర. చోడవరంలో కరెంటు పోయి గంట దాటింది. బయట వాన. చూరు నుంచి కారే ధార ఆగడం లేదు. వసారాలో చార్జింగ్ లైటు కింద మ్యాపు పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు దారపు ఉండలు పెట్టి, పాడేరు మీద వేలు ఆనించి అలాగే కూర్చుండిపోయారు టీచరమ్మ. మేనకోడలు ఆఖరిసారి ఫోన్ చేసింది మధ్యాహ్నం రెండింటికి, చింతపల్లి నుంచి. "బయల్దేరుతున్నాం అత్తా" అంది. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు.

ముందురోజు తెల్లారకుండా వ్యాను కట్టించుకుని వెళ్లిందామె. సంక్రాంతి వెళ్లాక ఎనిమిది మంది ఆడవాళ్లు ఆ రోడ్డు మీద ప్రయాణం చెయ్యాలి. హైదరాబాదు నుంచి కొందరు, విశాఖ నుంచి కొందరు, అమెరికా నుంచి సెలవుకి వచ్చే ఒకావిడ. అందరివీ అల్లే చేతులే. వాళ్లని తీసుకెళ్లే ముందు మలుపులు చూడాలి, బాత్‌రూములు చూడాలి, సిగ్నల్ ఎక్కడ పోతుందో చూడాలి. అది చూడటానికి వెళ్లిన మనిషికే ఇప్పుడు సిగ్నల్ లేదు.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది. డ్రైవరు తమ్ముడు. "టీచరమ్మా, ఘాటీలో సెట్టు పడిపోనాదంట. అటూ ఇటూ బళ్లు ఆగిపోనాయంట." ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగేలోపు లైను కట్టయిపోయింది.

పక్కింటి నుంచి ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఇద్దరూ ఒకప్పుడు హైస్కూల్లో టీచరమ్మ దగ్గర కుట్లు, అల్లికలు నేర్చుకున్నవాళ్లే. వాళ్లతో మూడో మనిషి కూడా వచ్చింది. నరసాపురం దగ్గర పల్లెలో పుట్టి చోడవరం కోడలైన ఆమె. గొడుగు మడిచి ఓ మూల కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు, అప్పటికి.

ఈ దారి టీచరమ్మ ఏళ్ల తరబడి మనసులో గీసుకున్న దారి. పాత విశాఖ జిల్లాలో ఉన్న చోడవరం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అయింది గానీ, కొండలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మొదటి రోజు శ్రీకాకుళం జిల్లా పొందూరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, దూదిని ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు సన్నపు నూలు వడికే ఆడవాళ్ల ఊరు అది. నూలు ఎలా పుడుతుందో కళ్లతో చూడకుండా అల్లిక గురించి మాట్లాడకూడదని టీచరమ్మ పట్టు. అక్కణ్ణుంచి వెనక్కి చోడవరం. మాడుగులలో హల్వాకి పది నిమిషాలు. ఆపైన పాడేరు ఘాటీ, చింతపల్లి, సీలేరు, మోతుగూడెం, చింతూరు. అడవి దిగితే భద్రాచలం. ఆ పక్కనే గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం. చివరికి లేసు అల్లే నరసాపురం.

అందరూ అడిగేది ఒకటే. సుఖంగా హైవే ఎక్కి నరసాపురం పోక ఈ కొండలెందుకు?

ఎందుకంటే లేసు కూడా ఈ అడవి అంచుకి వచ్చింది. 1844లో స్కాట్లాండ్ మిషనరీ మెక్రే దంపతులు నరసాపురంలో పేద ఆడవాళ్లకి లేసు నేర్పారు. తర్వాత కోయపల్లెల మధ్య దుమ్ముగూడెం మిషన్‌లో కెయిన్ దంపతులు అదే పని నేర్పించారు. ఆ 1840లలోనే ఐర్లండులో బంగాళదుంప పంట తెగులుకి పోయి జనం ఆకలితో చస్తుంటే, అక్కడి ఆడవాళ్లూ కొక్కెం సూది పట్టి అల్లికతోనే గంజినీళ్లు సంపాదించుకున్నారు. ఇక్కడా అక్కడా లేసుని మోసుకొచ్చింది లేమి. దుమ్ముగూడెం చూడకుండా నరసాపురం చూస్తే ఆ సంగతి సగమే తెలుస్తుందని టీచరమ్మ నమ్మకం.

తొమ్మిదిన్నర. వాన తగ్గింది. ఫోన్ మోగలేదు. "పోలీస్ స్టేషన్‌కి చెప్దామా టీచరుగారూ?" అంది ఒకామె. టీచరమ్మ లేచి చెప్పులు వేసుకున్నారు. అప్పుడే వీధి చివర హెడ్‌లైట్లు వెలిగాయి.

మోకాళ్ల దాకా బురద. నుదుటికి అతుక్కున్న జుట్టు. "గొడ్డళ్లు పట్టుకుని పక్క ఊరి వాళ్లే వచ్చి చెట్టు నరికారత్తా. మేం వ్యాన్లో కూర్చునుంటే, వానలో తడుస్తూ వాళ్లే టీ కూడా తెచ్చారు." తువ్వాలు అందుకుంటూనే తేల్చేసింది. "ఆ రోడ్డు మనవాళ్లకి వద్దు. సీలేరు నుంచి కిందికి దిగేటప్పుడు మలుపు తర్వాత మలుపు, గంటల తరబడి ఒక్క ఇల్లు కనపడదు. ఎవరికైనా కడుపులో తిప్పితే ఏం చేస్తాం?"

టీచరమ్మ మ్యాపు వైపు చూశారు. ఒక్క గీత కొట్టేస్తే సరి. పెన్ను చేతిలోకి తీసుకున్నారు.

"కొట్టకండి."

మూలనున్న నరసాపురం ఆడపడుచు. అందరూ అటు తిరిగారు. "రోడ్డు సంగతి నాకు తెలీదండి. పొద్దున్నే ఎక్కి, మూడింటికల్లా దిగిపోయేలా చూసుకుంటే సరిపోతుందేమో. నా మాట అది కాదండీ. అదుగో, కింద రాశారు చూడండి." ఆమె వేలు మ్యాపు మీద కాదు, పక్కనున్న కాయితం మీద ఆగింది. ఆఖరి వరస. నరసాపురం పల్లెల్లో లేసు అల్లేవారి ఇళ్ల సందర్శన, రెండు గంటలు. ఖర్చు దగ్గర ఖాళీ.

ఎవరూ మాట్లాడలేదు.

ఆమె మ్యాపు మూల నుంచి ఒక దారపు ఉండ తీసుకుంది, మ్యాపు ఆ మూల చుట్టుకుపోయింది. టీచరమ్మ సూదిపెట్టెలోంచి సన్నటి కొక్కెం ఏరుకుంది. ఎడమ చూపుడువేలికి దారం చుట్టి, కొక్కేన్ని ముడిలోకి దూర్చి, దారాన్ని పట్టి లాగి, మళ్లీ దూర్చి, ఆ మసక వెలుతురులో చేతుల వైపు చూడకుండానే గొలుసు వేసి, దాన్ని గుండ్రంగా కలిపి, రేక పక్కన రేక పేరుస్తూ, చూస్తుండగానే రూపాయి బిళ్లంత పువ్వు చేసి చాప మీద పెట్టింది. "ఇది చేతిపనండి. నేను పదేళ్ల పిల్లప్పుణ్ణుంచీ అల్లాను. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లింది తూచి తీసుకునేవాడు. ఈ పువ్వుల్ని ఇంకో ఇంట్లో కలిపి కుడతారు, అది అతుకుపని. టేబులు గుడ్డ ఎక్కడ పూర్తవుతుందో, ఎవరింటికి పోతుందో మా అమ్మకెప్పుడూ తెలీలేదండి."

మేనకోడలు తల తుడుచుకోవడం ఆపేసింది. ఆమెకి తెలిసిన లెక్క ఒకటుంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1978-79లో నరసాపురం ప్రాంతపు పల్లెలు తిరిగి, లేసు పనివాళ్ల మీద 1982లో పుస్తకం అచ్చు వేసింది. అప్పటికి లక్ష మందికి పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారని ఆమె అంచనా. రోజంతా అల్లితే చేతికొచ్చేది సగటున 56 పైసలు. లేసు దేశాలు దాటి పోయేది, వ్యాపారం మగవాళ్ల చేతుల్లో పెరిగేది. ఇంత తక్కువెందుకంటే, ఖాళీగా ఉన్న ఇల్లాళ్లు తీరిక వేళ చేసుకునే పని కదా అనేవారు. ఆ ఒక్క మాటే కూలీ పెరక్కుండా అడ్డం పడిందని మీస్ తేల్చి చెప్పింది.

"వాళ్లు రెండు గంటలు మనకి చూపిస్తూ కూర్చుంటే, రెండు గంటల పని పోతుందండి. ఫొటోలు తీసుకుని, బావుందని వచ్చేస్తామా?" నరసాపురం ఆడపడుచు గొంతు పెరిగింది. "మా అమ్మ ఇంటికి వస్తే కూడా ఊరికే చూసేసి పోయేవారండి."

టీచరమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచారు. కాయితం తిప్పి, వెనక వైపు మొదటి నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టారు. ఈసారి వ్యాను అద్దె కంటే ముందు, హోటలు కంటే ముందు, మొదటి వరసలో రాసింది నేర్పేవాళ్ల కూలీ. పొందూరులో వడికి చూపించే ఆడవాళ్లకి పూర్తి రోజు కూలీ. నరసాపురంలో అల్లి చూపించేవాళ్లకి దానికి రెట్టింపు, నేరుగా చేతికి. ఎవరింటికి వెళ్లేదీ అడిగి, వాళ్లు సరేనంటేనే. కొన్నది ఏదైనా, అల్లిన చేతికి ఎంత ముట్టిందో అడిగాకే. "అప్పుడు తలకి ఎంత పడుతుందో చూడు" అన్నారు మేనకోడలితో.

ఫోన్లో లెక్క వేసి చూపించింది. పెరిగింది. కొంచెం కాదు.

"రానివాళ్లు మానేస్తారు" అన్నారు టీచరమ్మ.

రాత్రి పదకొండున్నరకి కరెంటు వచ్చింది. అప్పటికి పట్టిక తయారైంది. అడవి దారి ఉంటుంది, పొద్దున ఆరింటికి బండి ఎక్కాలి, వాన పడితే ఘాటీ లేదు, నేరుగా తుని మీదుగా రాజమండ్రి. చింతపల్లిలో రాత్రి బస. దుమ్ముగూడెంలో ఒక పూట. నరసాపురంలో రెండు రోజులు, మొదటి రోజు రుస్తుంబాద లేసు ట్రేడ్ సెంటర్, రెండో రోజు పల్లెలు. వ్యానులో ఎనిమిది మందితో పాటు తొమ్మిదో సీటు నరసాపురం ఆడపడుచుది, ఆమెకీ రోజు కూలీ. తెల్లారేసరికి మెసేజ్ అందరికీ వెళ్లింది. ఇద్దరు రాలేమన్నారు. ఆరుగురు డబ్బు కట్టారు.

నరసాపురం క్రోషియా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఊరి పేరుని కాపాడుతుంది, కూలీని కాదు. మీరు ఆ లేసు కొనేటప్పుడు, ఆన్‌లైన్లోనైనా ఎగ్జిబిషన్లోనైనా, అల్లినామెకి ఎంత ఇచ్చారని అడగండి. జవాబు చెప్పగలిగిన వాళ్ల దగ్గరే కొనండి.