బహిష్టు నొప్పి, సంతానం: ఒక పాత సలహా చరిత్ర

‘పెళ్లయితే అదే తగ్గుతుంది, ఒక కాన్పయితే పూర్తిగా పోతుంది.’ బహిష్టు నొప్పితో మెలికలు తిరిగే ఆడపిల్లకు జలదంకి మొదలుకొని ఉదయగిరి వరకు మన పల్లెలలో పెద్దలు చెప్పే మాట ఇది. దీనిని పామరుల మూఢత్వమని కొట్టివేయడం న్యాయం కాదు. ఒక తరం పాటు పాశ్చాత్య వైద్యులే ఈ మాట చెప్పారు.

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం గర్భసంచి వెలుపల, అండాశయాల మీద, పొత్తికడుపు పొరల మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. అమెరికాలోని ఆల్బనీ నగర వైద్యుడు జాన్ సాంప్సన్ 1921లో అండాశయాలలో పాత రక్తం నిండిన తిత్తులను వర్ణించాడు. వాటిని నేటికీ చాక్లెట్ సిస్టులనే అంటాము. ముట్టు రక్తం కొంత నాళాల గుండా వెనుకకు పోయి ఆ కణాలను కడుపులో నాటుతుందని 1927లో ఆయన ప్రతిపాదించాడు. అయితే రక్తం అలా వెనుకకు పోవడం చాలామంది స్త్రీలలో ఉన్నదే; వ్యాధి మాత్రం కొందరికే వస్తుంది. ఆ చిక్కు నేటికీ పూర్తిగా విడలేదు.

తరువాత బోస్టన్ వైద్యుడు జో మీగ్స్, ఇది ఆలస్యంగా బిడ్డలను కనే కలిగినింటి స్త్రీల వ్యాధి అనీ, త్వరగా పెళ్లి, త్వరగా సంతానమే దానికి నివారణ అనీ వాదించాడు. ఖర్చు పెట్టగలవారిలోనే వ్యాధి ఎక్కువగా బయటపడడంలో వింతేమున్నది? పేదరాలి నొప్పికి కారణం వెదకినవారెవరు? 1950ల చివర రాబర్ట్ కిస్ట్నర్ గర్భాన్ని అనుకరించే హార్మోను చికిత్సను ప్రవేశపెట్టాడు. ముట్టు ఆగితే నొప్పి తగ్గుతుందన్నది నిజమే. కానీ కాన్పు తరువాత అది తిరిగి రావచ్చు. పైగా ఏ గర్భాన్ని మందుగా చెప్పారో, ఆ గర్భానికే ఈ వ్యాధి అడ్డు. అతుకులు ఏర్పడి నాళాలు వంగిపోతాయి, వాపు వల్ల అండము, వీర్యకణము దెబ్బతింటాయి. బిడ్డలు కలగని నింద మాత్రం కోడలి నెత్తిన పడుతుంది.

ముట్టును ఆపే మాత్రలు నొప్పికి మంచివే గాని, సంతానావకాశాన్ని పెంచవు. 1997లో కెనడా పరిశోధకులు, తేలికపాటి వ్యాధిలో లాపరోస్కోపీతో ఆ మచ్చలను తొలగించినవారిలో సుమారు 31 శాతం మంది, కేవలం పరీక్షించి వదిలినవారిలో సుమారు 18 శాతం మంది గర్భం ధరించారని చూపారు. చాక్లెట్ సిస్టు ఆపరేషన్‌లో మాత్రం మంచి అండాలు కూడా కొన్ని పోతాయి, తొందరపడరాదు. నాళాలు చెడినప్పుడు, వయసు మీరుతున్నప్పుడు ఐవీఎఫ్ మార్గం. 1978 జులైలో ఇంగ్లండులో, అదే అక్టోబరులో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో కలకత్తాలో అటువంటి శిశువులు జన్మించారు. ముఖర్జీ మాటను మన ప్రభుత్వం నమ్మలేదు. ఆయన 1981లో ప్రాణం తీసుకొన్నాడు. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన స్త్రీ కవలలను కన్న వార్త చూసి వయసుతో పనిలేదనుకొనేవారున్నారు. ముట్టు ఆగిన ఆ వయసులో సొంత అండాలు ఉండవు. 2021 చట్టం ప్రకారం ఈ చికిత్సకు స్త్రీకి 50 ఏళ్లే పరిమితి.

మన రాష్ట్రంలో నన్ను కలచివేసేది మరొకటి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం. నొప్పికి సంచి తీయడమే మందన్న ఆలోచన ఇక్కడ అంత లోతుగా పాతుకొన్నది.

పెళ్లయి ఏడాదైనా గర్భం రాకపోతే, 35 దాటినవారు ఆరు నెలలకే, స్త్రీవైద్య నిపుణురాలిని కలవాలి. నొప్పి ముందునుంచే ఉంటే ఆ గడువు కూడా అక్కరలేదు. కావలికో నెల్లూరికో బస్సెక్కేటప్పుడు భర్తను వెంట తీసుకొని వెళ్లండి. వీర్యపరీక్ష తొలిరోజే చేయించవచ్చు.